బట్టీ వేడి ఎంత?

వికారాబాదులో ప్యాసింజరు ఎక్కి తాండూరులో దిగేలోపు అజమత్ ఆరేడు పేజీలు చదివేవాడు. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న, అట్ట ఊడిన ప్రోగ్రామింగ్ పుస్తకం అది. తాండూరు అవతల ఓ చిన్న సిమెంటు ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు మీటర్లు చూసి రిజిస్టరు నింపిన మనిషి, 1986లో అక్కడికి కంప్యూటర్ వస్తే, ఎవరూ నేర్పకుండానే దాన్ని మచ్చిక చేసుకున్నాడు. రెండేళ్లలో తనదైన చిన్న భాషే అల్లాడు.

ఆ భాషలో ప్రతిదీ ఒక వస్తువు. రాయి కాల్చే బట్టీ వస్తువు, వేడి దాని గుణం. ‘బట్టీ వేడి ఎంత’ అని అడిగితే చాలు. జవాబు ముందే దాచిపెట్టిన అంకె కావచ్చు, అడిగినప్పుడు మీటరు చూసి కట్టిన లెక్క కావచ్చు. ప్రోగ్రాం ఆపకుండానే ఏ గుణానికైనా కొత్త నియమం తగిలించవచ్చు. అజమత్‌కు అదే మురిపెం.

రైలులో ఎదుటి సీటు రాజేందర్‌ది. షిఫ్టు ఇన్‌ఛార్జి, రోజూ టిఫిన్ డబ్బా పంచుకునే దోస్తు.

“బండి ఎప్పుడొస్తదని స్టేషన్ మాస్టర్‌ను అడుగుతవు. ఆయన ఫోన్ చేసి చెప్పిండా, గోడ మీది కాయితం చూసి చెప్పిండా, నీకు తెల్వదు. నా భాష గూడ గంతే” అన్నాడు అజమత్.

“గట్లయితే ఆయన ఏం చెప్తే గదే టైమన్నట్టు!” రాజేందర్ నవ్వాడు. నియమం తగిలించడం ఎలాగో ఆ వారమే అజమత్ దగ్గర నేర్చుకున్నాడు.

గొట్టంలా తిరిగే బట్టీ కింద చక్రాలకు నూనె పోసేది జంగప్ప. పైరేకు రంగు చూసి, సెగకు అరచెయ్యి పట్టి గానీ దాని కిందికి దూరేవాడు కాదు. అజమతే ఆ అలవాటు మాన్పించాడు. “పైరేకు నాలుగు వందల డిగ్రీలు దాటితే గంట మోగుతది కాకా. మోగకుంటే ఫికర్ లేకుండ పో.”

ఎండాకాలంలో ఒక సాయంత్రం జంగప్ప కంప్యూటర్ గదిలోకి వచ్చాడు. కనుబొమలు కాలిపోయాయి, మోచేయి బొబ్బలెక్కింది.

“గంట మోగలే బేటా.”

తెర మీద మూడు వందల తొంభై. అజమత్ బయటికి పరుగెత్తాడు. బట్టీ పైరేకు ఒకచోట కాలిన పెనంలా ఎర్రబడి ఉంది. తిరిగొచ్చి వేడి గుణం విప్పి చూశాడు. మూడు వారాల కింద తగిలించిన నియమం ఒకటుంది: మూడు వందల తొంభై దాటితే మూడు వందల తొంభై అనే చెప్పు. తాను నేర్పిన పద్ధతే, ఒక్క తప్పు లేదు.

దాన్ని పీకేయగానే గంట మోగింది. బట్టీ ఆగింది. రాజేందర్ ఊగిపోతూ వచ్చాడు.

“మాటిమాటికి ఆపితే సరుకెట్ల ఎల్తది భాయ్? జవాబు ఎక్కడిదో అడిగినోనికి తెల్వదని నువ్వే చెప్పినవ్ గదా!”

మరునాటి నుంచి అజమత్ రైలులో వేరే పెట్టె ఎక్కాడు. నెల రోజులు కూర్చుని భాషనే మార్చాడు. ఇకపై జవాబు పక్కనే అది మీటరు చెప్పిందో, నియమం చెప్పిందో, ఆ నియమం ఎవరు పెట్టారో పేరుతో సహా కనిపిస్తుంది. జంగప్పను పిలిచి చూపించాడు.

“ఇగ ఎవ్వడు దాయలేడు కాకా.”

“మస్తు చేసినవ్ బేటా” అన్నాడు జంగప్ప మనస్ఫూర్తిగానే.

తర్వాత నూనె డబ్బా అందుకుని బట్టీ దగ్గరికి నడిచాడు. కిందికి దూరే ముందు ఆగి, సెగకు అరచెయ్యి చాచి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు.