పెట్టెకు బొట్టు పెట్టిన రోజు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను అబిడ్స్ నుంచి నాంపల్లి వెళ్లే దారిలోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి సిస్టమ్స్ మేనేజరుగా బదిలీ చేశారు. పాత పరీక్షల మార్కుల రిజిస్టర్లు భద్రపరిచే చోటు అది. హోదా గెజిటెడ్, నా కింద పనిచేసేవాళ్లు సున్నా. రెండో అంతస్తులో లిఫ్టు పక్కన నా గది. అక్కడి ఏసీ నా కోసం కాదు, డిస్కుల పెట్టె కోసం. దాని పుణ్యాన నేనూ చల్లగా ఉండేవాణ్ణి.

ఆ పెట్టె గురించి రెండు మాటలు చెప్పాలి. దాని నిండా డిస్కులే. వేరే గదుల్లో ఉన్న సెక్షన్ల సర్వర్లు నెట్‌వర్క్ కేబుల్ మీదుగా వాటిని తమ సొంత డిస్కులే అనుకుని వాడుకుంటాయి. పెట్టె వైపు నుంచి ఒక్కో సర్వరుకూ తెరిచి ఉంచే ద్వారాన్ని టార్గెట్ అంటారు. ఏ ద్వారం వెనక ఏ డిస్కు ఉండాలి, దాన్ని ఎవరు తెరవచ్చు అనేవన్నీ నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేసి చెప్పాలి. మౌసు, బొమ్మలు అక్కడ పనికిరావు. నాకదే ఇష్టం. బటన్లు నొక్కేవాళ్లంటే నాకు కొంచెం చిన్నచూపు ఉండేదని ఒప్పుకుంటున్నాను.

చేరిన వారంలోనే పని ముగించాను. డిస్కులను నాలుగు ముక్కలు చేసి, బస్సులో రోజూ దాటే చోట్ల పేర్లు పెట్టాను: అఫ్జల్, సుల్తాన్, కోఠి, హిమాయత్. ఏది ఏ సెక్షనుదో నా తలలో ఉండేది. అప్పట్లో అది తెలివైన పనిగానే తోచింది.

ఆ ఆదేశాలు టైపు చేసిన రోజు రికార్డు సెక్షన్ సూపరింటెండెంట్ సరోజ గారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సుల్తాన్ బజార్‌లో పుట్టి పెరిగిన మనిషి. తెర మీద నేను కొట్టిన ప్రతి వరుసనూ చుక్కతో సహా ఒక రిజిస్టరులో ఎక్కిస్తున్నారు. ఇదంతా యంత్రంలోనే ఉంటుంది, రాయడం దేనికని అడిగాను.

"తెర మీదిది మీకు సార్. మా సెక్షన్‌కు ఏదొచ్చినా రిజిస్టర్ల ఎక్కాలె" అన్నారు.

మరి పక్క సెక్షన్లవి ఎందుకంటే, "పక్కోళ్లది ఏదో తెలవకుంటే మాది ఏదో ఎట్ల తెలుస్తది?" అన్నారు. క్యాంటీన్‌లో ఈ సంగతి నలుగురికీ చెప్పి నవ్వించాను. ఆవిడ కంప్యూటరుకు కార్బన్ కాపీ తీస్తున్నారని నా జోకు.

ఆమె జాగ్రత్తకు కారణం ఉంది. మూడేళ్లుగా ఆమె సెక్షను పాత రిజిస్టర్లను పేజీ పేజీ స్కాన్ చేస్తోంది. ఆ కాగితం అప్పడంలా విరిగేది. కొన్ని పేజీలను స్కానరు మీద నుంచి మళ్లీ ఎత్తలేకపోయారు. వాటికి మిగిలింది ఆ స్కాన్ ఒక్కటే. అదంతా ఇప్పుడు నా పెట్టెలో ఉంది.

దసరా సెలవులకు ముందు రోజు ఆఫీసులో ఆయుధ పూజ. ఆనవాయితీ ప్రకారం ప్రతి యంత్రాన్నీ కాసేపు ఆపి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాక మళ్లీ నడుపుతారు. నేను మర్యాదగా తలుపు వేసుకున్నాను. నా పెట్టె జూన్ నుంచి ఒక్క నిమిషం ఆగలేదు, అది నా గొప్ప. కానీ అటెండర్ యాదగిరి హారతి పళ్లెంతో వచ్చి తలుపు కొట్టాడు.

"సార్, జీపుకు చేసినం, లిఫ్టుకు చేసినం, జిరాక్స్ మిషన్‌కు చేసినం. మీ డబ్బా ఒక్కటే మిగిలింది. గిది మిషన్ గాదా ఏంది?"

అతని వెనక డైరెక్టరు గారే నిలబడి ఉన్నారు. పద్ధతి ప్రకారం పెట్టెను ఆపాను. యాదగిరి బొట్టు పెట్టాడు. కాయ మాత్రం గది బయటే కొట్టించాను. పావుగంట తరువాత పెట్టె చక్కగా లేచింది. ఒక్క టార్గెట్ కూడా లేదు.

జరిగింది ఇది. ఆ నల్లటి తెర ప్రోగ్రాములో ఆదేశం కొట్టగానే మార్పు అమల్లోకి వస్తుంది. కానీ పెట్టె ఆగి లేచాక కూడా అది నిలవాలంటే సేవ్‌కాన్ఫిగ్ అని కొట్టాలి. లేదా ఎగ్జిట్ అని కొట్టి బయటికి రావాలి, అప్పుడు దానంతటదే భద్రపరుస్తుంది. నేను రెండూ చేయలేదు. అవసరం పడుతుందేమోనని తెర మీద ఆ ప్రోగ్రాము కిటికీని జూన్ నుంచి తెరిచే ఉంచాను. అంటే నా పనంతా నాలుగు నెలలు గాలిలో వేలాడింది.

ఐదు నిమిషాల్లో సరోజ గారు వచ్చారు. "సార్, మా డ్రైవ్ కనవడ్తలేదు. పొద్దున ఉండె."

నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందని చెబుదామనుకున్నాను. ఆమె ముఖం చూశాక అబద్ధం నోటికి రాలేదు. ఉన్నది చెప్పాను.

"పోయినయా, కనవడ్తలేవా? జర సాఫ్‌గ చెప్పున్రి."

డిస్కుల మీద అన్నీ ఉన్నాయి, ఏది ఎవరిదో మాత్రం నాకు గట్టిగా గుర్తు లేదన్నాను. ఆమె వెంటనే వెనుదిరిగి మెట్లు దిగారు. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

బ్యాకప్ లేదా అని చదివేవాళ్లు అడుగుతారు. ఉంది. అదే పెట్టెలో, ఆ నాలుగింటిలోనే ఒకదానిలో, అదీ అకౌంట్స్ లెక్కలకు మాత్రమే. ముక్కలన్నీ ఒకే సైజు. లోపలి రాత విండోస్‌ది కాబట్టి దాన్ని చదవడం పెట్టెకు రాదు. అకౌంట్స్ సర్వరుకు నేనే ఒక అలవాటు నేర్పాను: డిస్కు కనబడగానే పాతదంతా తుడిచి తన లెక్కల కొత్త కాపీ రాసుకుంటుంది. అంటే తప్పు ముక్కను అకౌంట్స్‌కు చూపిస్తే, మూడేళ్ల స్కాన్లు నా కళ్ల ముందే తుడిచిపెట్టుకుపోతాయి.

కళ్లు మూసుకుని జూన్ నెలను గుర్తు చేసుకున్నాను. సరోజ గారిది సుల్తాన్ బజార్ కదా, సుల్తాన్ ఆమెకే ఇచ్చి ఉంటాను. మొదటి రెండు ముక్కలూ రికార్డుకూ అకౌంట్స్‌కూ ఇచ్చినట్టు మాత్రం గుర్తుంది, అయితే అఫ్జల్ అకౌంట్స్‌ది. ఎంత ఆలోచిస్తే అంత నిజమనిపించింది. అకౌంట్స్ టార్గెట్ వెనక అఫ్జల్‌ను పెట్టే ఆదేశం టైపు చేశాను. ఎంటర్ నొక్కడమే తరువాయి.

అప్పుడే తలుపు తెరుచుకుంది. సరోజ గారు రిజిస్టరు పట్టుకుని లోపలికి వచ్చారు. ఆరు నెలలు కూడా కాని ఆ రిజిస్టరుకు ఖాకీ అట్ట, పేజీ నంబర్లు, మొదటి పేజీలో విషయసూచిక. పధ్నాలుగో పేజీ తెరిచి నా ముందు పెట్టారు. రౌండు చేతిరాతలో నా ఆదేశాలన్నీ వరుసగా ఉన్నాయి. రికార్డు సెక్షన్: అఫ్జల్. అకౌంట్స్: సుల్తాన్.

నా చేయి కీబోర్డు మీద నుంచి దానంతటదే వెనక్కి వచ్చింది. టైపు చేసిన వరుసను చెరిపేశాను. తరువాత ఆమె చదువుతుంటే నేను కొట్టాను, నేను కొట్టింది ఆమె సరిచూశారు. ముందు ఆమె టార్గెట్టే కట్టాం. యాదగిరి కింద ఆమె సెక్షన్ నుంచి "వచ్చింది మేడం!" అని అరిచాడు. మిగతా మూడూ అయ్యాక, ఆమె చూస్తుండగా సేవ్‌కాన్ఫిగ్ కొట్టి, ఎగ్జిట్ కూడా కొట్టాను.

నేను ఏం టైపు చేసి చెరిపానో ఆమెకు చెప్పాను. ఆమె రిజిస్టరు చివరి పేజీ తిప్పారు. బయటి సెక్షనువాళ్లు రిజిస్టరు చూస్తే సంతకం చేయాలట.

"గీడ సంతకం. టైం గూడ ఎయ్యున్రి. కారణం కాలమ్‌ల మీరే రాయున్రి."

కారణం కాలమ్‌లో "మరిచిపోయినందున" అని రాసి, హోదాతో సహా సంతకం చేశాను.

ఉద్యోగం వదిలేటప్పుడు కొత్త మేనేజరుకు ఇచ్చిన నోటులో మూడే వాక్యాలు రాశాను. ఎంతకాలం ఆగకుండా నడిచిందన్నది లెక్క కాదు, ఆగి లేచాక ఏం మిగిలిందన్నదే లెక్క. కాబట్టి ఆయుధ పూజ నాడు ఈ పెట్టెను అందరికంటే ముందు ఆపాలి. అంతకుముందు రికార్డు సెక్షనుకు వెళ్లి, పధ్నాలుగో పేజీతో సరిచూసుకుని, సంతకం చేసి రావాలి.