సగం సీటు మనిషి

కొత్తగా హైదరాబాదు వచ్చిన ఆ రోజుల్లో, ఇంత జనమున్న ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేకపోవడం నాకు పెద్ద వింతగా ఉండేది. నిజాంపేట హాస్టల్లో నా రూమ్మేట్‌ది రాత్రి డ్యూటీ. వాడి దుప్పటిని చూసినంతగా వాణ్ణి చూడలేదు. రాయదుర్గంలో కార్ల సీట్లు పరీక్షించే ఆఫీసు మాది. అందులో నాది మూలబల్ల. నోరు విప్పేది కాఫీ మిషను దగ్గరే, అదీ దానితోనే (చక్కెర తక్కువెయ్యి తల్లీ, అని).

ఒక రోజు కొత్త సీటులో కూర్చోవడానికి మధ్యరకం ఒళ్ళున్న మనిషి కావాలని నన్ను పిలిచారు. పిలిచిందే చాలనుకుని పరుగెత్తాను. ఆ సీటు మీద పరిచిన పలచటి పరుపు, మన బరువు ఎక్కడ పడుతోందో తెర మీద రంగుల్లో చూపిస్తుంది. నేను కూర్చోగానే తెర మీద నా కుడి సగమే కనబడింది. ఎడమ తొడ అసలు లేదు! పరుపు పాడైందని మార్చారు. వైర్లు ఊడదీసి మళ్ళీ పెట్టారు. అయినా నేను సగమే. అందరూ తెరనే చూస్తున్నారు తప్ప నన్నెవరూ చూడటం లేదు. పనికిరానంటే మళ్ళీ ఆ మూలబల్లకే, ఆ కాఫీ మిషను దగ్గరికే కదా అని నాకు ఒకటే గుబులు.

చివరికి మా టీమ్ పెద్ద, అందరూ సిద్దిపేట అక్క అనే ఆవిడ, తెర వదిలి నా వైపు తిరిగింది. ఆఫీసుకు ఎట్లొస్తవ్ తమ్మీ, అని అడిగింది. షేర్ ఆటోలో, డ్రైవర్ పక్కనండి, అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. నేను అలవాటు కొద్దీ సీటు ఎడమ అంచున సగం మీద కూర్చుని, ఎడమ కాలు బయటికి వేలాడేసి ఉన్నాను (మిగతా సీటంతా లేని డ్రైవరుకి వదిలేశానన్నమాట).

"సీటంత నీదే, ఇంకెవ్వరెక్కరు. నిండుగ కూసో. తల ఎన్క దిండుకు ఆనియ్యి, బండి గుద్దితే మెడను కాపాడేది గదే."

ఆనించాను. నడుము కింద ఆసరా దొరికింది. రెండు పక్కలా సీటు నన్ను మెత్తగా పట్టుకుంది. ఇల్లు వదిలాక నన్నెవరూ అలా పట్టుకోలేదు. ఏడుపొచ్చింది. అది కనబడకూడదని కళ్ళు మూసుకుని, అలాగే నిద్రపోయాను (గురక కూడా పెట్టానట). లేపొద్దని అక్కే చెప్పిందట. లేచేసరికి తెర మీద నేను పూర్తిగా ఉన్నాను. ఆ మధ్యాహ్నం భోజనానికి నన్నూ తమతో రమ్మన్నారు.

ఆ టీమ్‌లోవాళ్ళు ఎప్పుడో తలో దిక్కు అయిపోయారు. ఇప్పుడు నాకు సొంత కారుంది, అందులో నేనొక్కణ్ణే. మొన్న సిగ్నల్ దగ్గర ఆగి చూసుకుంటే, డ్రైవర్ సీటులోనే తలుపు వైపు ఒదిగి కూర్చుని ఉన్నాను, పక్కన ఎవరికో చోటిచ్చినట్టు. నాలో నేనే నవ్వుకుని నిండుగా సర్దుకున్నాను. ఇంకెవ్వరెక్కరు, అంది అక్క. ఆ రోజు ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో.