అండర్‌స్టడీకి చెప్పని సంగతి

కోవిడ్ తర్వాత థియేటర్లు మళ్ళీ తెరుచుకున్న రెండో శీతాకాలంలో, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊరికి దగ్గరలో ఉన్న ఒక నాటకశాలలో స్టేజ్ మేనేజర్‌గా నాకు ఒక ఐరిష్ నాటకం అప్పగించారు. తొలి ప్రదర్శన కాగానే దర్శకుడు వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆయన కూర్చినట్టే నాటకాన్ని నడిపించడం, దీపాలకూ శబ్దాలకూ సమయానికి ‘గో’ చెప్పడం స్టేజ్ మేనేజర్ పని. అసలు నటులు రాలేని రోజున వేషం కట్టే అండర్‌స్టడీలకు తర్ఫీదు ఇవ్వడమూ నా వంతే.

కథ నెలకొక్కసారి పడవ వచ్చే ఒక దీవిలో జరుగుతుంది. మంచాన పడ్డ ముసలాయన కోసం ఊరివాళ్ళు ముందుగానే శవపేటిక తెప్పిస్తారు. పెట్టె వస్తుంది, ఆయన పోడు. ఇంకా పోలేదేమిటని ఊరంతా ఆయన మీదే విసుక్కుంటుంది. ఆయన మేనకోడలి పాత్రకు అండర్‌స్టడీ సహజ. ట్రాయ్‌లోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నన్ను ఆంటీ అని పిలిస్తే, డ్యూటీలో పేర్లే పిలవాలని మొదటిరోజే మందలించాను. మాటలూ అడుగులూ పొల్లుపోకుండా నేర్చుకుంది.

ఒక ఆదివారం అసలు నటికి గొంతు పోయింది. మధ్యాహ్నం ఆట రద్దు చేద్దామని నాటకశాల మేనేజర్ అన్నాడు. సహజ తయారుగా ఉందని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. అయితే ఈ ఆట చూశాకే సాయంత్రం ఆట సంగతి తేలుస్తానని, బాగా రాకపోతే అదీ ఆపేసి షికాగో నుంచి వేరే నటిని పిలిపిస్తానని అన్నాడు.

మొదటి అంకం నీరుగారిపోయింది. జనం నవ్వారు, బాగానే నవ్వారు. సహజ మాత్రం ఆ నవ్వుల మీదుగా తర్వాతి మాటలు గబగబా చెప్పేసింది. ఒక్క ముక్క వినపడలేదు. పెట్టె ఎవరికోసమని ప్రేక్షకులు ఒకరినొకరు అడుగుతున్నారని విరామంలో గేటు దగ్గరి మనిషి వచ్చి చెప్పాడు.

తప్పు ఎక్కడుందో అప్పుడు తట్టింది. అండర్‌స్టడీ రిహార్సల్ ఖాళీ హాల్లో జరుగుతుంది. అక్కడ నవ్వేవాళ్ళు లేరు. ఆ పిల్ల ఈ పాత్రలో నవ్వు వినడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆలోచించనందుకు నాకు సిగ్గేసింది.

విరామంలో నటులకు సలహాలు ఇవ్వకూడదు, బెదిరిపోతారు. అయినా వెళ్ళాను. సహజ మేకప్ అద్దం ముందు ఏడుస్తోంది. “ఆంటీ, వాళ్ళు నవ్వితే నాకు నెక్స్ట్ లైన్ మర్చిపోతాననిపిస్తది. అందుకే ఫాస్ట్‌గా చెప్పేసిన. సారీ.”

ఈసారి మందలించలేదు. “పాట్‌లక్ విందుల్లో మీ అమ్మ ఎవరి సంగతో చెబుతుంటే ఆంటీలందరూ నవ్వుతారు కదా, అప్పుడు అమ్మ ఏం చేస్తుంది?”

కాస్త ఆలోచించింది. “వెయిట్ చేస్తది. సమోసా తింటది. వాళ్ళు మళ్ళీ తన వైపు చూస్తే అప్పుడు చెప్తది.”

“నీ చేతిలో టీ కప్పు ఉంటుంది. కలుపుతూ ఉండు.”

రెండో అంకంలో ముసలాయన పెట్టెలో పడుకుని కొలత చూసుకుంటూ అక్కడే నిద్రపోతాడు. సరిగ్గా సరిపోయిందంటుంది మేనకోడలు. హాలు గొల్లుమంది. సహజ టీ కలిపింది. ఇంకా కలిపింది. హెడ్‌సెట్‌లో దీపాల ఆపరేటర్ మాట మర్చిపోయిందేమోనన్నాడు. ఆగమన్నాను. నవ్వు సద్దుమణిగాక ఆమె తలెత్తి, ఆయన్ని లేపకండి, అలవాటు కానివ్వండి అంది. ఈసారి ఇంకా పెద్ద నవ్వు.

సాయంత్రం ఆట ఉంటుందని మేనేజర్ ఒక్క మాటలో చెప్పి వెళ్ళాడు. ఆ వారమంతా సహజే వేసింది.

ప్రతి ఆటకూ స్టేజ్ మేనేజర్ రిపోర్టు రాయాలి. మొదటి అంకంలో మాటలు పోవడానికి బాధ్యులు అన్నచోట నా పేరు రాశాను. రిటైరయ్యేదాకా ప్రతి అండర్‌స్టడీ రిహార్సల్‌కీ సెట్లు కట్టే వడ్రంగులనూ టికెట్ కౌంటర్ వాళ్ళనూ తెచ్చి సీట్లలో కూర్చోబెట్టాను. మాటలూ అడుగులూ వచ్చినంత మాత్రాన నటి సిద్ధమైనట్టు కాదు, ఒక్కసారైనా మనుషుల ముందు ఆడి ఉండాలి. ఆ మనుషుల్ని తెచ్చి కూర్చోబెట్టవలసింది స్టేజ్ మేనేజరే.