చేపల కారుకు కిట్టు

శామీర్‌పేట బాలేష్ వల అల్లితే చూడాలి. ఏ కన్నులో ఏ చేప నిలుస్తుందో, ఏది జారిపోతుందో దారం పట్టుకునే చెప్పేవాడు. చెరువు సంఘంలో తలపండినవాళ్లు కూడా చిరిగిన వలలు తెచ్చి అతని గుమ్మం ముందు వేసి పోయేవారు. చేతిలో అంత పనితనం ఉన్నవాడు దానితో తృప్తిపడి ఊరుకోవచ్చు. కానీ వచ్చిన పనిలో పదిమంది మెచ్చుకున్నా మనిషికి సరిపోదు. రాని పనిలో ఒక్కడు మెచ్చుకుంటే మాత్రం ఛాతీ పొంగుతుంది. బాలేష్‌కు రాని పని కారు.

రెండు వేల మూడు ప్రాంతంలో అల్వాల్‌లో ఎవరో వదిలించుకున్న పాత చిన్న కారు ఒకటి కొన్నాడు. వెనక సీటు పీకేసి అక్కడ చేపల డబ్బాలు పెట్టాడు. ముందు బంపర్ మీద కూతురు బిందు పేరు రంగులతో రాయించాడు. ఆదివారం చీకటి ఉండగానే చెరువులో వల తీసి, బొచ్చెలూ రవ్వులూ ఐసులో పేర్చి, భార్య వినోదను పక్కన కూర్చోబెట్టుకుని సుచిత్ర చౌరస్తాకు బయలుదేరేవాడు. అమ్మేది అతనే అయినా జనం వచ్చేది వినోద కోసం. ఈలపీట ముందు కూర్చుంటే ఎంత పెద్ద చేపైనా ముక్క పక్కన ముక్క ఒకే మందంలో పడేది. కడుపులోని చేదుకట్టు ఏనాడూ పగిలి ముక్క చేదెక్కేది కాదు.

ఆ ఒక్క ఆదివారం అమ్మకం మీదే వారమంతా వాళ్ల ఇల్లు నడిచేది. ఆ అమ్మకం నిలబడిన చోటును బట్టి ఉండేది. చౌరస్తాలో మటన్ దుకాణం పక్క జాగా అన్నిటికన్నా మంచిది. మటన్ కోసం వచ్చి, వరుస చూసి విసిగినవాళ్లు అటు తిరిగితే చేపలు కనపడతాయి. దానికి కిరాయి లేదు, పట్టా లేదు. ముందు వచ్చి బండి ఆపినవాడిదే జాగా. వెనక వచ్చినవాడు నోరు మూసుకుని మురికి కాలువ పక్కకు పోవాలి. ఇదీ అక్కడి కట్టుబాటు.

మోపెడ్ మీద తిరిగిన రోజుల్లో ఆ జాగా ఎప్పుడూ బాలేష్‌దే. కారు కొన్నాక, అక్కడే చేపలమ్మే రావల్‌కోల్ పర్వతాలుది అయింది. పర్వతాలుకు ట్రాలీ ఆటో ఉండేది. అది దగ్గుతూ, మూలుగుతూ, ప్రతి ఆదివారం కారు కన్నా ముందే చేరేది. ఇందులో మర్మం ఏమీ లేదు. మోపెడ్‌ను ఎవరూ తుడవరు. కారును తుడుస్తారు. బాలేష్ అద్దాలు తుడిచి, చక్రాలు కడిగి, బిందు పేరు మీద గుడ్డ తిప్పి, అప్పుడు బయలుదేరేవాడు. ఈలోగా ట్రాలీ ఆటో సగం దారి దాటేది. వల చిరిగితే ఎక్కడ చిరిగిందో వెతికి అక్కడే అల్లాలని బాలేష్‌కు ఎవరూ చెప్పక్కరలేదు. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో మాత్రం అతను వెతకలేదు. కారుకు బలం చాలడం లేదని తేల్చేశాడు.

తేల్చేలా చేసింది పర్వతాలే. ఒక ఆదివారం బాలేష్ వచ్చి మురికి కాలువ పక్కన కారు ఆపుతుంటే, ఆటో మీద కూర్చుని బీడీ తాగుతూ అన్నాడు.

"ఏం బావా, పెండ్లికి పోయి వస్తున్నవా? కారు మస్తు మెరుస్తాంది."

"నీ డొక్కు ఆటో లెక్క గాదు ఇది."

"గాదు మరి. నా ఆటో వచ్చి జమానా అయింది. నీ శాపలు ఈదుకుంట వచ్చినా ఈపాటికి వస్తుండె."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వినోద కూడా నవ్వింది. బాలేష్‌కు పర్వతాలు మాట కన్నా ఆ నవ్వే గుచ్చుకుంది.

సుచిత్రలో జనార్ధన్ అనే అతనికి కార్ల అలంకరణ దుకాణం ఉండేది. సీటు కవర్లు, రంగు లైట్లు, ఏడు రాగాలు పలికే హారన్లు అమ్మేవాడు. ఇంజన్ గురించి అతనికి తెలిసిందల్లా అది బానెట్ కింద ఉంటుందని. అయినా మాట మాత్రం ఇంజన్ కనిపెట్టినవాడు మాట్లాడినట్టు ఉండేది. కారుకు బలం కావాలని బాలేష్ అనగానే కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"అన్నా, నీకు గావల్సింది టర్బో కిట్టు. ఇంజన్ వదిలే వేడి పొగతోని చక్రం తిరుగుతది. గా చక్రం మళ్ల ఇంజన్లకే గాలి కొడ్తది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే ఉరుకుడు ఎక్కువ."

అది నిజమే. జనార్ధన్ చెప్పినవాటిలో నిజం అదొక్కటే కాబట్టి రాసి పెడుతున్నాను.

అతను మూడు రకాలు చూపించాడు. మొదటిది విదేశీ కిట్టు. వస్తువు లేదు, రంగుల బొమ్మల పుస్తకం ఉంది. అన్నిటికన్నా పద్ధతైనది అదే. లోపలికి పోయే గాలిని చల్లబరిచే జాలీ పెట్టె, వేడి పైపు చుట్టూ చుట్టే పట్టీ, అన్నీ దానితో వస్తాయి. అయితే జాలీ పెట్టె పట్టాలంటే ముందు బంపర్ కోయాలి.

"కోస్తే పేరు ఎంత మిగుల్తది?" అని అడిగాడు బాలేష్.

జనార్ధన్ కారు దగ్గరికి పోయి జేనతో కొలిచాడు. "బిం వరకు ఉంటది."

మొదటి కిట్టు అక్కడే పోయింది.

రెండోది చిన్న మోటారు ఫ్యాను. గాలి పీల్చే గొట్టంలో పెడితే చాలు, అదే టర్బో అన్నాడు. వినోద దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"గిది ఎంట్రుకలు ఆరబెట్టేది గాదా? సుచిత్ర బ్యూటీ పార్లర్ల జూసిన."

జనార్ధన్ దాన్ని మెల్లగా లోపల పెట్టేశాడు.

మూడోది బొంబాయి తుక్కులో దొరికిన పాత టర్బో. ఏదో పరాయి దేశపు చిన్న కారుది. నత్తగుల్ల ఆకారంలో, నూనె మరకలతో ఉంది. వేడి ఆపే పట్టీ రాలేదు, బిగించే పద్ధతి రాసిన కాగితం రాలేదు. బాలేష్ దాన్ని తట్టి చూశాడు, ఊది చూశాడు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఈల వస్తదా?"

"అన్నా, గిది ఈలేస్తే నీ ముంగట పొయ్యేటోడు ఎనక్కి తిరిగి చూస్తడు."

వలకు దారం కొనేటప్పుడు బాలేష్ అది నాని ఆరేదాకా కూర్చుని చూసే మనిషి. టర్బోను ఈల విని కొన్నాడు, అదీ జనార్ధన్ నోటితో వేసి చూపించిన ఈల.

"నీకు ఈల గావాలె. నాకు ఈలపీట సాలు," అంది వినోద, బయటికి వస్తూ.

బిగించడానికి మేడ్చల్‌లో సిద్దిరాములు దగ్గరికి తీసుకుపోయాడు. సిద్దిరాములు బోరు బండ్ల టర్బోలు బాగుచేసేవాడు. మాట తక్కువ, పని చక్కన. అటువంటి మనిషి ముందు చేపల కారు అని చెప్పుకోవడం బాలేష్‌కు నామోషీ అనిపించింది. పోయే ముందు కారును సబ్బుతో కడిగి, డబ్బాలు ఇంట్లో దింపి, లోపల అగరొత్తులు వెలిగించాడు.

సిద్దిరాములు కారు కింద దూరి చూసి బయటికి వచ్చాడు.

"పొగ పైపు లావుది వెయ్యాలె. కింద జాగ లేదు, కారు అడుగు రేకుకు ఆనుకుని పోతది. గా జాగ మస్తు వేడెక్కుతది. పైన ఏం పెడ్తవ్?"

"ఏం పెట్ట. సీటు గూడ లేదు చూడు."

"నీసు వాసన వస్తాంది?"

"మొన్న కట్టమైసమ్మ కాడ దావత్ అయింది."

సిద్దిరాములు మళ్లీ అడగలేదు. సీటు లేదు, మనిషి కూర్చోడు, ఇక వేడెక్కితే ఏమిటని పైపును అట్లాగే బిగించాడు. నూనె గొట్టం, బిగింపులు, అతుకులు అన్నీ గట్టిగా వేశాడు. ఆ పనికి వంక పెట్టడానికి లేదు. అడిగినదానికి సరిగ్గా సరిపోయే పని చేశాడు. అడిగినవాడు అబద్ధం చెప్పాడు, అంతే.

టర్బో పనిచేసింది. మొదటి ఆదివారం కారు ఈల వేస్తూ హకీంపేట దాటింది. బొల్లారం రైలు గేటు పడి ఉంటే ఆగింది. కాసేపటికి పర్వతాలు ఆటో దగ్గుతూ వచ్చి పక్కనే నిలబడింది. గేటుకు టర్బో అయినా ట్రాలీ అయినా ఒకటే.

"ఏంది బావా, కారు ఈలేస్తాంది? అన్నం ఉడికిందా?"

"కిట్టు పెట్టిచ్చిన," అన్నాడు బాలేష్ మీసం మీద చెయ్యి వేసి.

గేటు లేవగానే కారు దూసుకుపోయి మటన్ దుకాణం పక్క జాగా పట్టేసింది. పర్వతాలు వచ్చి ఆటో తిప్పుకుని మురికి కాలువ దగ్గరికి పోయాడు. బాలేష్ ఆ రోజు చేపల కన్నా బానెట్టే ఎక్కువ సార్లు తెరిచి చూపించాడు. అడిగినవాడికీ, అడగనివాడికీ కిట్టు పెట్టించానని చెప్పాడు.

ఆ రోజుల్లో మా వైపు కిట్టు అంటే ఒకటే అర్థం, గ్యాస్ కిట్టు. పెట్రోలు భారం మోయలేక కార్లవాళ్లు డిక్కీలో సిలిండర్ పెట్టించుకుంటున్న కాలం. కొందరు ఇంట్లో పొయ్యికి వచ్చిన ఎర్ర సిలిండరే ఎక్కించేవారు. అటువంటి కారు పక్కన బీడీ వెలిగించాలన్నా జనం భయపడేవారు. టర్బో అనేది లారీల వెనక రాసే మాట, దానికి కిట్టు ఉంటుందని సుచిత్రలో ఎవరికీ తెలియదు.

చేపలు ఎప్పుడూ బాలేష్ దగ్గరే కొనే మచ్చ బొల్లారం దుర్గాబాయి ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. ఒక రవ్వు మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సింది వాడిన రంగులో ఉంది. బొటనవేలితో నొక్కితే పడిన గుంట పైకి లేవలేదు. డబ్బాలో ఐసు లేదు, గోరువెచ్చని నీళ్లున్నాయి.

"ఏమైంది బిడ్డా, శాపలు గిట్లున్నయి?"

మురికి కాలువ పక్క నుంచి పర్వతాలు అందుకున్నాడు.

"వాళ్లు కారుకు కిట్టు పెట్టిచ్చిండ్రమ్మా."

అంతే అన్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. దుర్గాబాయి చెయ్యి కొంగుకు తుడుచుకుని, చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నిజమే, గ్యాస్ వాసనొస్తాంది," అని కాలువ వైపు నడిచింది.

బాలేష్ లేచి నిలబడి అరిచాడు. "గ్యాస్ గాదమ్మా. మాది గ్యాస్ కిట్టు గాదు. గ్యాస్ లేనే లేదు."

మటన్ వరుసలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. వాళ్లకు వినపడింది గ్యాస్ ఒక్కటే.

తర్వాతి ఆదివారాలు ఇంకా బాగా జరిగాయి. బాలేష్ అందరికన్నా ముందు వచ్చేవాడు, అందరికన్నా చివర పోయేవాడు, చేపలు మాత్రం ఎట్లా వచ్చాయో అట్లాగే తిరిగి పోయేవి. వారం గడవడానికి వినోద ఊళ్లో గడప గడపకూ తిరిగి, ఐసు కరిగిన చేపలను దొరికినకాడికి అమ్ముకొచ్చేది. బాలేష్ దీనికి మందు కనిపెట్టాడు. జనార్ధన్ దగ్గర 'టర్బో' అని పెద్ద స్టిక్కరు రాయించి వెనక అద్దానికి అంటించాడు. ఇప్పుడు జనానికి అర్థమవుతుందని. జనానికి అర్థమైంది. ఇదేదో మామూలు గ్యాస్ కాదు, లారీలకు పెట్టే గ్యాస్ అని.

"జనానికి అకల్ లేదు," అనేవాడు బాలేష్.

"అకల్ ఉన్నది గాబట్టే కొంట లేరు," అనేది వినోద. "ఐసు ఎందుకు కరుగుతాందో చూడరాదు?"

"ఎండకు."

"సూర్యుడు లేవకముందు ఏ ఎండ?"

ఒక ఆదివారం బొల్లారం గేటు దగ్గర కారు ఆగినప్పుడు వినోద వెనక్కి తిరిగి, చెయ్యి చాపి, డబ్బా జరిపి కింది రేకు మీద అరచెయ్యి పెట్టింది. వెంటనే తీసేసింది. రొట్టె వేస్తే కాలేంత వేడి. తర్వాత డబ్బా మీద చెయ్యి వేసింది. పైన ఉన్న కొర్రమట్టలు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఆ ఉదయం చేపలు గేటు దాకా బతికి వచ్చాయి. గేటు నుంచి సుచిత్ర దాకా బతకవు.

ఆమె తలుపు తీసుకుని దిగింది. వెనక వరుసలో పర్వతాలు ఆటో ఉంది.

"అన్నా, నీ ఆటోల జాగ ఉన్నదా?"

పర్వతాలు బీడీ తీసి చూశాడు. "ఎవలకు?"

"శాపలకు. నాకు."

"నీ మొగడు ఏమంటడో."

"జాగ మాకు దొరుకుతాంది, శాపలు సచ్చిపోతున్నయి. నీ శాపలు మంచిగున్నయి, జాగ దొరుకుత లేదు. ఆయన ముంగట పోయి మటన్ దుకాణం పక్క నిలబడ్తడు. నువ్వు మెల్లగ రా. జాగల సగం నీకు సగం నాకు. కోసుడు నీవి గూడ నేనే కోస్త."

పర్వతాలు ఆలోచించడానికి ఎంతసేపూ పట్టలేదు. అతని భార్య కోసిన ముక్కలను మనుషులు కుక్కలకు వేయడం అతనే చూశాడు. దిగి వచ్చి డబ్బా ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర పట్టుకోవడానికి బాలేష్ రావలసి వచ్చింది.

"గేటు లేస్తాంది, జల్దీ పట్టు," అంది వినోద మొగుడితో.

"కిట్టు పెట్టిచ్చిన కారు ఉండంగ ట్రాలీల పోతవా?"

"నువ్వు పో. నీ ఈల ఇనపడ్తది, నీ ఎనకనే వస్తం."

గేటు లేచింది. ఖాళీ కారు ఈల వేసుకుంటూ మచ్చ బొల్లారం మలుపు తిరిగి మాయమైంది.

ఆ తర్వాత చాలా కాలం అదే పద్ధతి సాగింది. బస్సు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాల విసిరి జాగా ఆపుతారు చూశారా, బాలేష్ ఆ పనిని టర్బోతో చేసేవాడు. మన వైపు అంత వేగంగా పోయిన తువ్వాల మరొకటి లేదు. ఆటో వచ్చేదాకా బానెట్ తెరిచి నిలబడేవాడు. ఆటో రాగానే కారును రోడ్డుకు అవతల పెట్టి, వచ్చి తూకం పట్టేవాడు. వినోద ఈలపీట ముందు ఇద్దరి చేపలూ కోసేది. కొనేవాళ్లు మళ్లీ వచ్చారు.

దుర్గాబాయి కూడా వచ్చింది. మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి చూసి, తల ఊపి ఒక కొర్రమట్ట పక్కన పెట్టించింది. తర్వాత రోడ్డుకు అవతల ఉన్న కారు వైపు చూసింది.

"గా కిట్టు కారు ఇంక మీకాడనే ఉన్నదా?"

"ఉన్నదమ్మా," అంది వినోద, పొలుసు తీస్తూ. "శాపలను ఎక్కనిస్త లేం. ఆయన్నొక్కన్నే ఎక్కిస్తున్నం."