నా ఒడిలో మట్టి ఆవు

పుంగనూరు నుంచి కుప్పం వెళ్లే బస్సులో, పక్క సీటు పెద్దామె సంచీలో ఫోను వెతుక్కుంటూ ఒక మట్టి ఆవును నా ఒడిలో పెట్టింది. దాని వీపు మీద నూనె పోసే గుంట ఉంది. వాళ్ల అవ్వ కాలంనాటి దీపమట.

"మొన్నట్నుంచి మా ఆవు మేత ముట్టలేదప్పా. గంగమ్మ ముందర ఈ దీపం పెట్టల్ల. పదిలం."

ఇంత బాధ్యత నాకు ఇంట్లో కూడా ఎవరూ అప్పగించలేదు. స్పీడ్ బ్రేకర్ రాగానే ఆవు కుడి చెవి నా చేతిలోకి వచ్చేసింది.

పెద్దామె నా చేతిలోని చెవిని చూసింది. వెంటనే కోడలికి ఫోన్ చేసింది. "ఆవు ఎట్లుండాది మే?"

ఆ క్షణంలో నేనొక ఆవు హంతకుణ్ణి.

"ఇప్పుడే లేసి గడ్డి తింటాండాది అత్తా," అంది స్పీకర్లో కోడలు.

బతికిపోయాననుకుని దీపం తిరిగి ఇవ్వబోయాను. ఆమె తీసుకోలేదు.

"నువ్వే పట్టుకోప్పా. ఇంకో చెవి ఉండాది గదా, పాలు గూడా ఇయ్యల్ల."