కాటా బాబాయి, ఒక మొండి నట్టు

మా బాబాయి అచ్చులో ఉన్న అంకెను చచ్చినా నమ్మడు. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఆయన ఉద్యోగం వదిలాడు గానీ, ఉద్యోగం ఆయన్ను వదల్లేదు. అగ్గిపెట్టె కొంటే పుల్లలు లెక్కపెడతాడు. దారపు రీలు కొంటే వీధి గుమ్మం నుంచి వంటింటి కిటికీ దాకా లాగి కొలుస్తాడు. ఆ పూట ఇంటిల్లిపాదీ దారం కింద నుంచి వంగి నడవాలి. టూత్‌పేస్టు మీద ‘ఇరవై శాతం అదనం’ అని ఉంటే, ఆ అదనం ఎక్కడుందో చూపించమని దుకాణంవాడి చేత ట్యూబు మొత్తం పిండించాడు. బజారులో ఆయన్ని కాటా సారు అంటారు. ఆయన సందు మొదట్లో కనిపిస్తే చాలు, కొట్లలో త్రాసులు వాటంతటవే నిటారుగా నిలబడతాయని చెప్పుకుంటారు.

“రాసి ఉన్నదల్లా నమ్మేస్తావా?” అన్నది ఆయన ఊతపదం. నేను కాలేజీకి దగ్గరని బాబాయి ఇంట్లో ఉండి సాహిత్యంలో ఎం.ఏ. చదువుతున్నాను. రాసి ఉన్నదాన్ని కాస్త నమ్మకపోతే నా చదువు ముందుకు సాగదు. ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు. లేకపోబట్టే ఈ అన్యాయం జరిగింది. జరిగి రెండు నెలలైనా నా కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

మొదలైంది కారుతో. బాబాయి ఇంటి పక్కనున్న రేకుల గ్యారేజీలో ఆయన పాత కారు అప్పటికి రెండు నెలలుగా ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది. రెండు చక్రాలు ఊడదీసి ఉన్నాయి, రెండు ఉన్నాయి. సగం పని చేసింది మా వీధి చివర షెడ్డులో ఉండే మేస్త్రి. మర్నాడు వచ్చి మిగతాది పూర్తిచేయాల్సిన మనిషి, ఆ సాయంత్రమే ఒక లారీ నట్టు విప్పబోయి, స్పానరుకు పైపు తగిలించి ఒంటిబలమంతా పెట్టి లాగాడు. నట్టు కదల్లేదు, కుడి భుజం కదిలిపోయింది. ఆ చేత్తో ఇక బరువు పని చెయ్యొద్దని డాక్టరు ఖాయంగా చెప్పేశాడు. షెడ్డు మూతపడింది.

బాబాయికీ మేస్త్రికీ పాతికేళ్ల స్నేహం. స్నేహం అంటే పాతికేళ్లుగా రోజూ పోట్లాడుకోవడం. మేస్త్రి మంచాన ఉంటే చూడ్డానికి వెళ్లి, పళ్ల సంచీ బల్ల మీద పెట్టి, “నా కారును గాల్లో వదిలేసి నువ్వు ఇక్కడ పడుకున్నావా?” అని దెబ్బలాడి వచ్చాడు.

ఒకరోజు పిన్ని కూరగాయలు తెచ్చి గుమ్మంలోనే చెప్పింది. “విన్నారా? మేస్త్రి పనిముట్ల పెట్టె పాత ఇనుముకు వేసేస్తున్నాడట. వచ్చే నెల మొదటి ఆదివారం బండి వస్తుందట. వాళ్లావిడ ఏడుస్తోంది. ఆ పెట్టె గడప దాటితే ఆ మనిషి మళ్లీ లేవడండీ.”

“లేవకపోతే పోనీ! ముందు నా కారు దింపి తర్వాత పడుకోమను!” అని బాబాయి గ్లాసు బల్ల మీద దబ్బున పెట్టాడు. “వాడు లేకపోతే నాకు పని జరగదనా? నేనే విప్పుకుంటాను. గన్ను కొంటాను!”

గన్ను అంటే కంగారు పడకండి. గాలి ఒత్తిడితో గర్రుమని తిరిగి చక్రాల నట్లు విప్పే ఇంపాక్ట్ రెంచి. మెకానిక్కులు దాన్ని గన్ను అంటారు. గాలి ఇవ్వడానికి మా గ్యారేజీలో చిన్న కంప్రెసరు ఉంది. దానితో ఇన్నాళ్లూ జరిగిన ఘనకార్యం, పిన్ని కుట్టుమిషను లోపల పేరుకున్న దుమ్ము ఊదుకోవడం.

“కొనండి,” అంది పిన్ని. “నా మిక్సీ ఖరీదు దాటిందో, ఆ గన్నుతోనే పచ్చడి నూరుకోండి.”

ఆ శనివారం బాబాయి నన్ను లేపి, “పద. పెట్టెల మీద చిన్నక్షరాలు చదవాలి. నువ్వు ఎం.ఏ. కదా,” అన్నాడు. భుజానికి గుడ్డ సంచీ. అందులో స్ప్రింగు త్రాసు, భూతద్దం, అరచేయంత ఇనుప పలక. ఆ పలకకు ఒక చక్రపు బోల్టు, దాని మీద తుప్పుపట్టిన నట్టు. మొత్తం రెండు కిలోలు ఉంటుంది. మోసేది నేను.

“ఇదేమిటి బాబాయ్?”

“సాక్షి,” అన్నాడు. “పెట్టె మీద అంకె ఎంతైనా చెప్తుంది. ఇది నిజం చెప్తుంది.”

మొదటిది అద్దాల తలుపుల పెద్ద దుకాణం. గన్ను పెట్టె మీద కొబ్బరికాయంత అక్షరాలతో ‘1200’ అని ఉంది. ఎంత బలంగా తిప్పుతుందో చెప్పే అంకె అది. పక్కన చిన్న నక్షత్రం గుర్తు. బాబాయి నక్షత్రాన్ని చూసి పులి లేడిని చూసినట్టు చూశాడు. “చదువు!”

నేను భూతద్దం పెట్టి గొణిగాను. “ప్రయోగశాలలో... విప్పే దిశలో మాత్రమే... మొదటి కొన్ని క్షణాల్లో నమోదైన గరిష్ఠ...”

“గట్టిగా! నలుగురూ విననీ!”

నలుగురూ విన్నారు. నేను ఎన్నో గ్రంథాల అధోజ్ఞాపికలు చదివాను గానీ, ఇంత పెద్ద అబద్ధాన్ని ఇంత చిన్న అక్షరాల్లో ఒప్పుకున్నది ఎక్కడా చూడలేదు. సిగ్గుతో స్పానర్ల స్టాండు వెనక్కి జరిగాను.

బాబాయి సాక్షిని బల్లకు బిగించి, గన్నును ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఆయనది కుడిచేతి వాటం. ఎడమచేత్తో సంతకం కాదు కదా, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేడు.

“ఎడమచెయ్యి ఎందుకు బాబాయ్?”

“కుడిచేతికి మొహమాటం ఎక్కువ. ఎడమచెయ్యి నిజం చెప్తుంది.”

గర్ర్ర్ మంది. నట్టు కదల్లేదు. మళ్లీ గర్ర్ర్. కదల్లేదు.

“తుప్పు సార్,” అన్నాడు దుకాణదారు.

“తుప్పు లేని నట్టు పసిపిల్ల విప్పుతుందయ్యా! తుప్పు కోసమే కదా గన్ను? పన్నెండు వందలట, పన్నెండు వందలు! పన్నెండు కూడా లేదు!” ఇక ఉపన్యాసం. “ఈ నట్టు బిగించింది ఎవరో తెలుసా? మా మేస్త్రి. పని సగంలో వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. వాడి నట్టు విప్పే మొనగాడు ఈ బజారులో లేడు! వాడి వల్లా కాదు!”

రెండో శనివారం అన్నదమ్ముల కొట్టు. ఆ ఇద్దరూ మమ్మల్ని చూడగానే ఒకరినొకరు చూసుకున్నారు. అక్కడి గన్ను బరువు పెట్టె మీద రెండు కిలోలు. స్ప్రింగు త్రాసుకు వేలాడదీస్తే రెండున్నర. నన్ను చదవమన్నాడు. ‘గొట్టం, కనెక్టరు, సాకెట్టు మినహా’ అని ఉంది.

“అంటే మనిషి బరువు ఎముకలు మినహా అన్నట్టు!” అని బాబాయి మండిపడ్డాడు. “ఇంత బరువు ఒంటిచేత్తో ఎవడు ఎత్తుతాడు?”

“రెండు చేతులతో ఎత్తండి సారూ,” అన్నాడు పెద్దవాడు.

“రెండు చేతులూ ఉన్నవాళ్లకేనా మీ వ్యాపారం?”

నాకు ఆ మాట అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. ఎందుకంటే ఆ సమయానికి బాబాయి వాళ్ల పెద్ద కంప్రెసరును మా ఇంటి బుల్లి కంప్రెసరు స్థాయికి తగ్గించమని గొడవపెట్టి, సగం గాలితో, ఎడమచేత్తో, సాక్షిని గర్రుమనిపిస్తున్నాడు. నట్టు కదల్లేదు. మేస్త్రి మీద ఉపన్యాసం మాత్రం మొదటిసారి కంటే నాలుగు ఆకులు ఎక్కువే చదివాడు. చిన్నవాడు నవ్వు ఆపుకోలేక వెనక గదిలోకి వెళ్లి ఎవరికో ఫోను చేశాడు.

మూడో వారం ఇంకో కొట్టు. అక్కడ షట్టరు సగం దించి ఉంది. మమ్మల్ని చూసి మిగతా సగం కూడా దించారు.

నాలుగో శనివారానికి బజారులో మాకు పేరొచ్చింది. కాలేజీలో నా పక్క బెంచీ పిల్ల, “మీ ఇంట్లో ఎవరో ఇనుప ముక్క పట్టుకుని ఊరేగుతున్నారట కదా,” అంది. మర్నాడు ఆదివారం. మేస్త్రి పెట్టె కోసం బండి వచ్చేది మర్నాడే. పిన్ని పొద్దున్నే గుర్తుచేసింది. బాబాయి చెప్పులు వేసుకున్నాడు.

అది సందులో ఇరుకు కొట్టు. కౌంటరు దగ్గర ఒక సేల్స్ అమ్మాయి. ఆమె చూపించిన గన్ను బాగా పొట్టిది, అరచేతిలో ఇమిడిపోయేలా ఉంది. పెట్టె మీద అంకె పెద్దదేమీ కాదు. బాబాయి పెట్టెను అటూ ఇటూ తిప్పాడు, తలకిందులు చేశాడు.

“నక్షత్రం ఏదీ?”

“లేదండీ.”

“దాచారా?”

“ఇది చెప్పినంతే పనిచేస్తుందండీ. గాలి కూడా తక్కువ తాగుతుంది. చిన్న కంప్రెసరుకు సరిపోతుంది. అటూ ఇటూ తిప్పే మీట ఇదిగో, ఏ చేత్తో పట్టుకున్నా అదే చేతి బొటనవేలితో మార్చుకోవచ్చు.”

తూచాడు. పెట్టె మీద ఎంత ఉందో త్రాసు అంతే చూపించింది. కిలో మీద మూడువందల గ్రాములు. మళ్లీ తూచాడు. అంతే. అంకె నిజమయ్యేసరికి బాబాయి మొహం వాడిపోయింది. ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలితో మీటను అటూ ఇటూ ఓ ఇరవైసార్లు నొక్కాడు. తర్వాత అలవాటు ప్రకారం సాక్షి. గర్ర్ర్. కదల్లేదు.

సేల్స్ అమ్మాయి నట్టు వైపు వంగి చూసింది. “సార్, ఒక్కసారి ఆ మీట అటు మార్చి తిప్పి...”

“నాకు నేర్పుతావా తల్లీ?” అని బాబాయి సాక్షిని గబుక్కున సంచీలో వేసేశాడు. “కట్టు. ఇదే తీసుకుంటాను.”

మిక్సీ కంటే కాస్త తక్కువకే వచ్చింది. వీధిలోకి రాగానే పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బాబాయి మీద గొంతు పెంచాను. “నట్టు విప్పలేని గన్ను ఎందుకు కొన్నావ్ బాబాయ్? నాలుగు శనివారాలు! నా పరీక్షలు!”

“అబద్ధం చెప్పని వస్తువుకు ఒక అవకాశం ఇవ్వాలే,” అని నడుస్తూ పోయాడు.

ఇంటికొచ్చి కంప్రెసరుకు గొట్టం తగిలిస్తున్నాడో లేదో, గేటు దడాలుమంది. మేస్త్రి! కుడిచెయ్యి పొట్టకు ఆనించుకుని, మొహం కందగడ్డలా చేసుకుని వచ్చాడు. మూడు నెలల్లో ఇల్లు కదలని మనిషి.

“కాటా సారూ! ఏ కొట్టువాడు ఫోను చేసినా నా పేరే! నేను బిగించిన నట్టు విప్పేవాడు లేడంటారా? నా వల్లా కాదంటారా? ఏదీ ఆ నట్టు?”

“ఎందుకయ్యా నీకు? నీది అయిపోయిన పని కదా. రేపు పెట్టె అమ్ముకుంటున్నావు కదా!”

“నట్టు చూపించండి సారూ!”

బాబాయి విసురుగా పలకను బల్లకు బిగించాడు. మేస్త్రి తుప్పును గోటితో గీకి, బోల్టు కొస మీద మరలు చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది.

“అయ్యో సారూ... ఇది లెఫ్ట్ థ్రెడ్డు! మీ కారు ఎడమవైపు పాత బోల్టు! లోకంలో నట్లన్నీ ఒకవైపు విప్పుకుంటే ఇది రెండోవైపు విప్పుకుంటుంది! మీరు నాలుగు వారాలుగా దీన్ని విప్పట్లేదు, ఊరంతా తిప్పి బిగిస్తున్నారు! పదిహేనేళ్ల కిందట ఈ గ్యారేజీలోనే నేను మీకు చెప్పాను కదా?”

“నాకేం గుర్తు? నువ్వు చెప్పేవన్నీ గుర్తుపెట్టుకుంటారా ఎవరైనా?”

“చదువుకున్నవాళ్లకు బుద్ధి ఉండదు!” అని మేస్త్రి అరిచి, నట్టు మొదట్లో నాలుగు చుక్కలు నూనె వేశాడు. అది లోపలికి దిగేదాకా ఆగకుండా తిడుతూనే ఉన్నాడు. తర్వాత గన్ను అందుకున్నాడు. ఎడమచేత్తో. బొటనవేలితో మీట మార్చాడు. గర్ర్ర్ మంది. నట్టు ఊడి బల్ల మీద బొంగరంలా తిరిగింది.

మేస్త్రి నట్టును చూడలేదు. తన ఎడమచేతిని చూసుకున్నాడు. ఇంకొకరి చెయ్యి తన జబ్బకు వచ్చి అతుక్కున్నట్టు చూసుకున్నాడు. తర్వాత కారు వైపు చూశాడు.

“ఆ రెండు చక్రాలూ ఇంకా అలాగే ఉన్నాయా?”

“నీ పుణ్యమా అని,” అన్నాడు బాబాయి.

నాలుగు నట్లు. తర్వాత ఇంకో నాలుగు. ఏ వైపు నట్లు ఎటు తిరుగుతాయో చక్రానికి ఒకసారి బాబాయికి పాఠం చెప్పి మరీ విప్పాడు. ఇంత మందమతిని ఎక్కడా చూడలేదన్నాడు. బాబాయి చేతులు వెనక కట్టుకుని తిట్లన్నీ పడ్డాడు. చక్రాలు దించడానికి మాత్రం తానే వంగాడు. పిన్ని కాఫీ తెచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

మర్నాడు బండి వచ్చింది. మేస్త్రి ఆ బండినే మా ఇంటికి తిప్పించాడు. పెట్టె మా గ్యారేజీలో దిగింది. “నా కారు పూర్తయ్యేదాకా ఇక్కడే చావు,” అని బాబాయి ఒక మూల చూపించాడు. కారు పూర్తయి ఆరు వారాలైంది. ఇప్పుడు వీధిలోని బళ్లన్నీ ఇక్కడికే వస్తాయి. బాబాయి గుమ్మంలో కుర్చీ వేసుకుని ప్రతి టైరులోనూ గాలి ఎంతుందో తన సొంత గేజితో కొలిచి, మేస్త్రి గేజి అబద్ధమంటాడు. ఇద్దరి అరుపులకూ నేను చదువుకోలేకపోతున్నాను.

నిన్న పుస్తకాల మీద బరువు పెట్టడానికి సాక్షిని తెచ్చుకున్నాను. పలకను తిరగేస్తే అడుగున ఏవో గీతలు. అలవాటైన పాపానికి భూతద్దం తెచ్చాను. ఉలి మొనతో, బాబాయి దస్తూరీలో, చిన్నక్షరాలు: ‘ఎడమ మర. జాగ్రత్త.’ కింద తేదీ. పదిహేనేళ్ల కిందటిది.

పలక పట్టుకుని గ్యారేజీలోకి పరుగెత్తాను. మేస్త్రి ఎవరిదో కారు కింద పడుకుని పనిచేస్తున్నాడు. “బాబాయ్! నీకు ముందే తెలుసు! దీని మీద నువ్వే రాశావు!”

బాబాయి కారు కిందికి ఒకసారి చూసి, నా చేతిలోంచి పలక లాక్కుని సంచీలో కుక్కేశాడు. ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది.

“రాసి ఉన్నదల్లా నమ్మేస్తావా? ఇదేనటే నీ ఎం.ఏ.?”