మానికెడు బియ్యానికి

ఈ ఏడు చెరువు తెగి పక్క ఊళ్ళో గుడిసెలు కొట్టుకుపోతే, ఆ జనాన్ని సిద్దిపేటలో మా ఇంటి పక్క బడిలో ఉంచారు. డిగ్రీ చదివానని బియ్యం కార్డులు రాసే పని నాకిచ్చారు. ఎనిమిది నెలల పాపను చంకనేసుకుని వెళ్ళేదాన్ని.

బియ్యం పంచే పెద్దమనిషి, మగదిక్కు లేని ఆడవాళ్ళను చివరికి ఆపి, ఒక్కొక్కరినే స్టోరు గదిలోకి పిలిచేవాడు. తోపులాట ఉండదులే అనుకున్నాను.

ఒక రోజు, మొగుడు పోయిన మల్లవ్వ తన వంతు వచ్చినా కదలలేదు. "నేను పోనమ్మా. నాకు బియ్యమొద్దు."

"ఎందుకు? పిల్లలు పస్తులుండాలా? వెళ్ళు!" అని కార్డు చేతిలో పెట్టి పంపాను.

లోపల గడియ పడింది. వెంటనే కేక. నలుగురం కలిసి తలుపు విరగదోశాం. మల్లవ్వ రవిక చిరిగి ఉంది. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. బియ్యం కొలిచే ఇనుప మానికతో అతని తల మీద కొడుతూనే ఉంది. "మానికెడు బియ్యానికి నేను గావాల్నారా నీకు?"

బస్తా మీదంతా నెత్తురు. నా చంకలో పాప గుక్కపట్టింది.

"అమ్మా, దీన్ని పట్టుకో!" అని అరిచాడతను. నేను పట్టుకోలేదు.

"గీ సంగతి అందరికెరుకే. నీకే తెల్వది," అందొక ముసలామె నాతో.

మర్నాటి నుంచి బస్తాలు వరండాలోకి వచ్చాయి. అందరి ముందూ ఆడవాళ్ళే కొలిచారు, ఆ సొట్ట మానికతోనే.

పాపను నిద్రపుచ్చి ఇది రాస్తున్నాను. ఆ రోజు ఎందుకని అడిగాను గానీ, మల్లవ్వ జవాబు కోసం ఆగలేదు.